బాబాయి వాయించిన ఆర్గాన్

మొన్న మా ఆఫీసులో పనిచేసే ఆవిడ కూతురి పెళ్లికి ఒంగోలు దారిలో ఉన్న ఆ పాత చర్చికి వెళ్లాను. మెలితిరిగిన స్తంభాలు, బంగారు పూత దేవదూతలు అలాగే ఉన్నారు. పాటలు మాత్రం కీబోర్డు మీద వాయించారు. పైన బాల్కనీలో, గోడంత ఎత్తున్న పైపుల ఆర్గాన్ ముందు వధూవరుల ఫ్లెక్సీ వేలాడుతోంది. అక్కడే ఒకప్పుడు మా బాబాయి కూర్చున్నాడు.

తొంభైల చివరి రోజులు. నేను బ్రాడీపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. బాబాయి పెళ్లి చేసుకోలేదు, అన్నగారైన మా నాన్న మాట మీద సేద్యం చేస్తూ మా ఇంట్లోనే ఉండేవాడు. అంతకుముందు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. ఇంటింటికీ టీవీ వచ్చాక నాటకాలు పోయాయి, పెట్టె అటకెక్కింది. ఆకలేస్తోందని చెప్పడానికి కూడా మొహమాటపడే మనిషి, శ్రుతి తప్పితే మాత్రం కిరీటం పెట్టుకున్న రాజునైనా స్టేజీ మీదే కసిరేవాడట. సెలవులకి నన్ను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు, దారిలో నా స్నేహితురాలి ఊళ్లో దిగి ఆ చర్చి చూశాం. ఐరోపా నుంచి వచ్చినవాళ్లు బరోక్ అనే తమ పాత శిల్పశైలిలో కట్టించారని, వాయించే ముసలాయన పోయాక ఆర్గాన్ మూగబోయిందని అక్కడి ఫాదర్ చెప్పారు. బాబాయి సంగతి నా స్నేహితురాలు ఆయన చెవిన వేసింది. "అయితే కూర్చోండి" అన్నారాయన.

మొదట ఆర్గాన్ మెట్లు ఒక్కొక్కటే నొక్కి శ్రుతి చూసుకున్నాడు. తర్వాత మోహన రాగం లేచింది. గోడలు, బెంచీలు, నా పక్కటెముకలు కూడా మోగాయి. "హార్మోనియంలా ఎడం చేత్తో తిత్తి తొయ్యక్కర్లేదే అమ్మాయ్, రెండు చేతులూ నావే!" అని నవ్వాడు. ఆదివారాలు వస్తారా అని ఫాదర్ అడిగితే గబగబా తలూపాడు.

ఇంట్లో చెప్పగానే నాన్న అన్నం ముందు నుంచి లేచాడు. "పత్తంతా పురుగు తినేస్తుంటే నీకు చర్చిలో వాయించడం కావాల్సొచ్చిందిరా? ఊళ్లో నన్ను తలెత్తుకోనివ్వవా?"

"దేవుడి దగ్గరే కదన్నయ్యా."

"ఎవరి దేవుడు?"

బాబాయి మర్నాడు మందు కొట్టే డబ్బా వీపుకి తగిలించుకుని చేలోకి పోయాడు. ఆ ఆదివారం వెళ్లలేదు, ఆ తర్వాత ఎప్పుడూ వెళ్లలేదు. నాలుగైదేళ్లకి దగ్గుతూ దగ్గుతూనే పోయాడు.

ఆ రోజు నాన్న పక్కూరి నుంచి హార్మోనియం వాళ్లని పిలిపించి, మైకు పెట్టించి, శవం పక్కన పద్యాలు పాడించాడు. "మా తమ్ముడికి సంగీతమంటే ప్రాణమండీ" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమే. అదే నాకు మింగుడుపడదు. ఏళ్లు గడిస్తే నాన్న మీద కోపం చల్లారుతుందనుకున్నాను. నాకు వయసొస్తున్నకొద్దీ దానికీ వయసొచ్చింది, అంతే.