టేపక్క దారి పరీక్ష

ఆ డిజైన్ ఆఫీసులో పన్నెండు మంది పనిచేస్తారు. పదకొండు మందికి డిగ్రీలున్నాయి. పన్నెండో మనిషి దగ్గర ఒక కొలత టేపు ఉంది. డిగ్రీలున్న వాళ్లందరికీ ఆ టేపంటే హడలు.

ఆవిణ్ణి అందరూ టేపక్క అంటారు. ఆఫీసు నడిపే మేడమ్ ఆవిడకన్నా వయసులో పెద్దదే అయినా, ఆవిడ కూడా అక్కా అనే పిలుస్తుంది. టైర్ల దుకాణం పైన రెండో అంతస్తులో ఉంటుంది ఆ ఆఫీసు. ఆసుపత్రులు, కాలేజీలు, స్టేషన్లు, ఎక్కడైతే జనం "ఎటు వెళ్లాలండీ?" అని అడుగుతుంటారో, అక్కడ అడగక్కర్లేకుండా బోర్డులు తయారుచేయడం వాళ్ల పని. బాణం గుర్తు ఎంత లావుండాలో తేల్చుకోవడానికి రెండు రోజులు మాటామాటా అనుకున్న మహానుభావులున్నారక్కడ. గోడ నిండా బాణాల నమూనాలే. కొత్తగా వచ్చినవాళ్లు ఆ గోడ చూస్తే బయటికి దారే దొరకదని టేపక్క వేళాకోళం.

ఇరవై రెండేళ్ల కిందట ఆవిడ చేరింది స్టిక్కరు అక్షరాలు ఒలిచే పనికి. మిషను కోసిన షీటులో అక్షరం చుట్టూ ఉన్న అక్కర్లేని స్టిక్కరుని బ్లేడు మొనతో లేపి పీకెయ్యాలి. ఠ లోపలి చుక్క కూడా పోకుండా ఒలిచే చెయ్యి ఆవిడది. తర్వాత బోర్డులు బిగించే వాళ్లతో వెళ్లడం మొదలుపెట్టింది. వాళ్లు నిచ్చెన మడిచి వెళ్లిపోయేవారు, ఈవిడ మాత్రం అక్కడే నిలబడి జనాన్ని చూసేది. కంప్యూటరులో కళ్లకద్దుకోవాలనిపించిన బోర్డు కిందే మనుషులు ఎటూ తోచక దిక్కులు చూడటం కనిపెట్టింది. ఒకరోజు మేడమ్ గదిలోకి వెళ్లి మొహం మీదే చెప్పేసింది.

"మేడమ్, మన బోర్డులు ఫొటోల్లో బాగుంటున్నాయి. మనుషులకి మాత్రం పనికిరావట్లేదు."

ఇంకొకరైతే ఆ పూటే ఉద్యోగం ఊడగొట్టేవారు. మేడమ్ కుర్చీ చూపించి కూర్చోమంది. ఇద్దరూ మధ్యాహ్నం భోజనం కూడా మర్చిపోయి మాట్లాడుకున్నారు. దారి పరీక్ష అలా మొదలైంది.

పరీక్ష అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అసలు బోర్డులు చేయించకముందు వాటిని కాగితాల మీద అచ్చువేసి గోడలకి అంటిస్తారు. ఆ భవనం ఎప్పుడూ చూడని మనిషిని తెచ్చి గుమ్మంలో నిలబెట్టి, ఫలానా గదికి వెళ్లమని నోటితో ఒక్కసారే చెబుతారు. చీటీ ఇవ్వరు. ఆ మనిషికి పది అడుగుల వెనక టేపక్క నడుస్తుంది. ఎటు పోతున్నా నోరు విప్పకూడదు. ఎక్కడ ఆగారు, బోర్డుకి ఎంత దూరమో టేపుతో కొలిచి, ఎంతసేపు ఆగారు, ఎవరిని అడిగారు, అన్నీ రాసుకోవాలి. చివర "బోర్డు సరే" అనో "బోర్డు మార్చాలి" అనో రాసి సంతకం పెడుతుంది. ఆ సంతకం లేనిదే మేడమ్ ఒక్క బోర్డు కూడా తయారీకి పంపదు. ఆ సంతకం విషయంలో ఆవిడ ఏనాడూ ఎవరికీ మొహమాటపడలేదు. మేడమ్ సొంతంగా గీసిన బోర్డుల్ని మూడుసార్లు తిప్పికొట్టిన ఘనత ఆవిడది.

ఈ పనికి ఆవిడకి దొరికిన ఆణిముత్యం కట్టుకున్న మొగుడే. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇరవై ఎనిమిదేళ్లూ ఒకటే రూటు. ఆ రూటులో కళ్లు మూసుకుని స్టాపులన్నీ చెప్పగలడు. అది దాటితే సొంత మేనత్త ఇంటికైనా నలుగుర్ని అడుగుతూ వెళ్లాల్సిందే. పెళ్లైన కొత్తలో ఆవిణ్ణి సినిమాకి తీసుకెళ్లి, వేరే హాల్లో, వేరే సినిమాకి కూర్చోబెట్టాడు.

"మీరు దారి తప్పినంత అందంగా ప్రపంచంలో ఎవరూ తప్పలేరండీ" అంటుంది టేపక్క. ఆయన కాలరెగరేస్తాడు. ఆఫీసులో అందరికీ ఆయన కండక్టరు గారు. కండక్టరు గారు గది చేరాడంటే ఆ బోర్డుకి తిరుగులేదని నమ్మకం.

ఈసారి పని ఒక ఆసుపత్రి కొత్త భవనానిది. బోర్డులు గీసింది రెండేళ్ల కిందట చేరిన అమ్మాయి. కొత్తమ్మాయి అన్న పిలుపు ఆమెని ఇంకా వదల్లేదు. ఒంటరిగా చేస్తున్న మొదటి పని అది. రెండు నెలలు తిండీతిప్పలూ మాని కూర్చుంది. లేత పసుపు మీద ముదురు నీలం అక్షరాలు, కళ్లద్దాలు మర్చిపోయి వచ్చినవాళ్లకి కూడా కనబడేంత పెద్దవి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ల కంటికి ఆనేలా కిందుగా ఇంకో వరస. ఆసుపత్రి మేనేజరుకి మాత్రం మొదట్నించీ అవి గిట్టవు. పాత భవనంలోలాగా ఎర్ర బోర్డులు పెట్టమని ఆయన పట్టు. చివరికి ఒక మాట మీద దిగొచ్చాడు. "మీ పరీక్షలో ముగ్గురు నడిచి చూపించండి. ఒక్కరు తప్పినా ఈ పని మీకు లేదు."

టైర్ల దుకాణం ఆయన నడిచాడు, రెండు నిమిషాల్లో గది చేరాడు. మేడమ్ వాళ్లమ్మ కర్ర పొడుచుకుంటూ నడిచింది, ఒక్క మలుపులో కూడా ఆగలేదు. మూడోది కండక్టరు గారు. మొదటి అంతస్తు రెయిలింగు దగ్గర నిలబడి మేడమ్, కొత్తమ్మాయి, మేనేజరు చూస్తున్నారు.

"ఎక్స్‌రే గదికి వెళ్లండి" అంది టేపక్క.

ఆయన ఉత్సాహంగా బయల్దేరాడు. మొదటి మలుపు సరిగ్గానే తిరిగాడు. లిఫ్టుల ముందున్న హాల్లో బోర్డు కింద ఆగి, స్టాపులు కేకేసినట్టే పైకి చదివాడు. "ఫార్మసీ, కుడివైపు. ఎక్స్‌రే, ఎడమవైపు." టేపక్క నవ్వుకుంది. ఇక ఎడమకి తిరగడమే తరువాయి.

ఆయన తిరగలేదు. ఒక నిమిషం గడిచింది. మళ్లీ మొత్తం చదివాడు, ఒక్క అక్షరం తడబడకుండా. ఫార్మసీ వైపు నాలుగడుగులు వేసి వెనక్కొచ్చాడు. పాత భవనం నుంచి సామాను మోసుకొస్తున్న నర్సు ఒకామె ఎదురైతే, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, నేనెక్కడికి వెళ్లాలి?"

"మీరెక్కడికి వెళ్లాలో నాకెలా తెలుస్తుంది బాబాయ్ గారూ?"

"అదే... ఇప్పుడే చెప్పింది. మా ఆవిడ చెప్పింది."

నర్సు నవ్వి వెళ్లిపోయింది. టేపక్క రాయబోయి కలం ఆపేసింది. ఎక్స్‌రే గది ఎటు అని ఆయన అడగలేదు. అలా అడిగుంటే బోర్డుది తప్పు. ఎక్కడికి వెళ్లాలన్నదే ఆయన దగ్గర లేదు. పాలగిన్నె బట్టల బీరువాలో దొరికిన రోజు, తనని ఆయన చెల్లెలి పేరుతో పిలిచిన రోజు, స్టవ్ వెలిగించి ఎందుకు వెలిగించాడో తెలియక నిలబడ్డ రోజు, అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. అప్పుడల్లా ఈయనెప్పుడూ ఇంతే అని నవ్వేసింది. నలుగురికీ చెప్పి వాళ్లనీ నవ్వించింది. పది అడుగుల దూరంలో మనుషుల్ని అంత నిశితంగా చూసే తను, పక్కనున్న మనిషిని చూడలేదని ఆ హాల్లో తెలిసొచ్చి, ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఏడు నిమిషాలయ్యాక పైనుంచి మేనేజరు ఇక చాలన్నట్టు చప్పట్లు కొట్టాడు. ముగ్గురూ దిగొచ్చారు. నర్సుతో అన్న మాట పైకి వినబడలేదు. వాళ్లకి కనబడింది బోర్డు కింద ఏడు నిమిషాలు నిలబడిపోయిన మనిషే.

"ఆరోగ్యంగా ఉన్నాయనకే దిక్కు తెలీకపోతే ఇంక రోగుల సంగతేంటండీ? ఈ కాగితాలన్నీ పీకించెయ్యండి" అన్నాడు మేనేజరు.

కొత్తమ్మాయి మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. అయినా కండక్టరు గారి దగ్గరికొచ్చి, "థాంక్సండీ. లోపం ముందే బయటపడింది, మంచిదే" అంది. ఆయన అలవాటు చొప్పున కాలరెగరేశాడు. మేడమ్ నిట్టూర్చి, "రాసెయ్ అక్కా" అంది.

టేపక్క "బోర్డు మా" వరకు రాసింది. ఇంకో రెండక్షరాలు రాస్తే సరిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది. ఆ అమ్మాయికి వయసుంది, ఇంకో అవకాశం వస్తుంది. రాయడానికి చెయ్యి సాగలేదు. ఆ అమ్మాయి బోర్డుల్లో దోషం లేదని ప్రపంచంలో తెలిసిన మనిషి తనొక్కతే. ఆయన్ని పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చి, కాగితం మీద రాసింది కొట్టేసింది.

"బోర్డు బాగానే ఉంది సార్. మావారు రెండుసార్లు తప్పు లేకుండా చదివారు. ఎక్కడికి వెళ్లాలో మర్చిపోయారు. నర్సుని అడిగింది కూడా అదే." బెంచీ వైపు ఒకసారి చూసి, మళ్లీ అందుకుంది. "ఆయనకి మతి తప్పుతోంది. ఇంట్లో కూడా అవుతోంది. నేనే ఒప్పుకోలేదు. ఈ పరీక్ష చెల్లదు. మూడో మనిషిని మీరే ఎంచుకోండి."

కొత్తమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుంది. మేనేజరు తనే గేటు దాకా వెళ్లి, ఎవరినో చూడ్డానికి ఊరి నుంచి వచ్చిన ఒక ముసలామెని బతిమాలి తీసుకొచ్చాడు. ఆమె ఎక్కడా ఆగకుండా నడిచి, ఎక్స్‌రే గది తలుపు తోసి, లోపలెవరూ లేరేంటని మేనేజరునే కసిరింది. టేపక్క "బోర్డు సరే" అని రాసి సంతకం పెట్టింది. మేనేజరు దాని కింద తన సంతకం కూడా పెట్టాడు. కొత్తమ్మాయికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

టేపక్క ఆ సంబరం కోసం ఆగలేదు. మొగుణ్ణి వెంటబెట్టుకుని పాత భవనంలో పేర్లు రాసే కౌంటరు దగ్గరికి వెళ్లింది.

"ఏం ఇబ్బందమ్మా?" అని అడిగింది కౌంటరులో అమ్మాయి.

టేపక్క నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "మతిమరుపమ్మా. నాకే."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఈమధ్యే, నాలుగైదు నెలల నుంచి" అంది టేపక్క.

"ఏడాది దాటింది" అన్నాడాయన. "మన వీధి చివరే నిలబడిపోయానొకసారి, ఇల్లు ఎటో తెలీక."

ఆవిడ ఆయన వైపు తిరిగింది. "మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే ఈ పరీక్షలకి రానివ్వవుగా. బయట దారి తప్పితే నవ్వుతారు. మీ వాళ్లైతే థాంక్స్ చెబుతారు."

టేపక్క ఆయన చెయ్యి పట్టుకుంది. కౌంటరులో అమ్మాయి వయసెంతని అడిగితే, ఈసారి ఆయన్నే చెప్పనిచ్చింది.