గట్టు దిగేటప్పుడు వణికే బండి

మా పెద్దనాన్నగారి బండి చదును దారిలో మామూలుగానే నడిచేది. రేవుకు దిగే గట్టు వాలు మీద, ఆపుదామని తాడు లాగినప్పుడు మాత్రమే వణికేది.

ఆ తాడు సంగతి ముందు చెప్పాలి. మా వైపు అంతా బల్లపరుపు నేల. బండిని పట్టి ఆపవలసిన వాలు గోదావరి గట్టు దగ్గర తప్ప ఎక్కడా రాదు. అందుకని రేవుకు తిరిగే బండ్లకు చక్రాల వెనుక అడ్డంగా ఒక దుంగ వేలాడదీస్తారు. తాడు లాగితే దుంగ రెండు చక్రాలకూ ఒత్తుకుని బండి నెమ్మదిస్తుంది. ఈ బండి నెమ్మదించేది గాని, దానితోబాటు కింద నుంచి ఎవరో మడమతో బండి పలకను తన్నినట్టు దడ్, దడ్‌మని అదిరేది.

మడమతో పలకను తన్నడం మా అన్నయ్య అలవాటు. పెద్దనాన్నకు ఒక్కడే కొడుకు. పలివెల నుంచి, జొన్నాడకు ఎదురుగా ఉన్న ఇవతలి రేవుకు కొబ్బరికాయలు తోలేవాడు. ముల్లుకర్ర పట్టేవాడు కాదు. కూర్చున్న చోటనే మడమతో రెండు దెబ్బలు వేస్తే ఎద్దులు అడుగు పెంచేవి. వరదల్లో ఒకనాడు జారిన ఎద్దును పట్టుకోబోయి ఆ రేవులోనే నీళ్ళలో పడ్డాడు. ఎద్దు ఒడ్డెక్కింది. అన్నయ్య దొరకలేదు. దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించారు.

సాంవత్సరికం అయ్యేదాకా పెద్దమ్మ ఆ బండిని కట్టనివ్వలేదు, ఉన్న చోటు నుంచి జరపనివ్వలేదు. మళ్ళీ కట్టిన మొదటి రోజు ఆమె కూడా ఎక్కింది. గట్టు దిగుతుండగా బండి అదిరింది. ఆమె పలక మీద అరచెయ్యి ఆనించి, "వచ్చేడండీ" అందట పెద్దనాన్నతో.

ఇక ప్రతి సవారీకీ ఎక్కడం మొదలుపెట్టింది.

నేనప్పుడు కొత్త కాలువల పనిలో కొలతలు తీసేవాణ్ణి. గొలుసు పట్టడం, మట్టం చూడడం, లెక్క కట్టడం నేర్చుకుని వచ్చినవాణ్ణి కనుక పెద్దనాన్న నాకు కబురు పెట్టారు.

"ఆ అదురు తీసెయ్యి నాయనా," అన్నారు, పశువుల పాక వెనక్కి తీసుకెళ్ళి. "రేవు నుంచి వచ్చిందగ్గర నుంచి మళ్ళీ రేవుకెళ్ళేదాకా మీ పెద్దమ్మ ముద్ద ముట్టట్లేదు. ఇలాగైతే నాకు ఆవిడ కూడా మిగలదు."

మర్నాడు నేనూ బండిలో వెళ్ళాను. రేవు గట్టు మీద కాయల వర్తకుడు మమ్మల్ని చూసి చేతులు జోడించాడు.

"మీ బండి వద్దండీ బాబూ. ఇందులో వేస్తే నా కాయల్లో నీళ్ళు చిలికి వెన్న తేలుతుందండి."

"తేలితే ఆ వెన్న నువ్వే అమ్ముకోవయ్యా," అన్నారు పెద్దనాన్న. ఆయన నవ్వలేదు. వర్తకుడు బండిలో ఉన్న పెద్దమ్మను అప్పుడు చూసి తలపాగా సర్దుకుంటూ పక్కకు తప్పుకున్నాడు.

గట్టు దిగేటప్పుడు నేనూ పలక మీద చెయ్యి పెట్టాను. ఒకసారి ఒంటి దెబ్బ, ఒకసారి జంట దెబ్బ. చటుక్కున చెయ్యి తీసేశాను. కొలతలు తెలిసినవాణ్ణని ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఇంటికి వచ్చి ఒక్కొక్కటే చూసుకున్నాను. ఇరుసు వంగిందా? వంగితే చదునులోనూ ఊగాలి. సీల వదులైందా? చేత్తో కదిపితే కదలలేదు. దుంగ వంకరగా అరిగిందా? తిప్పి కట్టి వాలు మీదకు తోలాం, అదురు అలాగే ఉంది. మిగిలినవి చక్రాలు. ఇనుప పట్టా లేని వట్టి చెక్క చక్రాలు అవి. ఇరుసు కింద మొద్దులు పెట్టి లేపాను. పక్కన గుంజ పాతి, దాని మీద బొగ్గుముక్కను చక్రం అంచుకు తగీ తగలనట్టు నిలిపి, చక్రం తిప్పాను. గుండ్రంగా ఉన్న చక్రానికి మసి అంతటా అంటాలి, లేదా ఎక్కడా అంటకూడదు. ఒక్క జానెడు మేరకే అంటింది. రెండో చక్రానికీ అంతే. అక్కడ చెక్క బియ్యపుగింజంత ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు దుంగ కిందికి వచ్చినప్పుడల్లా ఒక దెబ్బ. రెండు ఉబ్బులూ ఒకేసారి వస్తే ఒంటి దెబ్బ, ముందూ వెనకా వస్తే జంట దెబ్బ.

ఆ జానెడు మేరలోనే ఎందుకని గోటితో గీరాను. చెక్క పోగుల లోపల పసుపు ఉంది.

పెద్దమ్మ ఎప్పుడు వచ్చి నిలబడిందో చూడలేదు.

"ఏంట్రా నాన్నా అది?"

"చెమ్మకు ఉబ్బింది పెద్దమ్మా. నేలకు ఆనిన భాగం."

"ఏడాదీ ఒకే చోట ఉంది కదా."

"ఆయ్."

"రోజూ పొద్దున్నే వాడిలాగే నేను చక్రాలు కడిగి పసుపు రాసేదాన్ని. ఆ నీళ్ళన్నీ కిందకే దిగేవి." మసి అంటిన చోటును వేలితో తడిమింది. "అయితే తన్నింది వాడు కాదు. నేను పోసిన నీళ్ళు."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. చేతిలో బొగ్గుముక్క ఉంది.

"చెక్కెయ్యి," అంది.

బాడిసతో ఉబ్బు తీసి, ఇసుకతో రుద్ది, మసి అంతటా సమంగా అంటేదాకా తిప్పి చూశాను. చెక్కపొట్టు పసుపుపచ్చగా రాలింది.

మర్నాడు గట్టు దిగాం. పెద్దమ్మ పలక మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. పెద్దనాన్న తాడు లాగారు. దుంగ చక్రాలను ఒరుసుకుంటున్న సన్నని చప్పుడు తప్ప ఏమీ లేదు. బండి నీళ్ళ అంచున మెత్తగా ఆగింది. అంత మెత్తగా ఆగిన బండిని నేనెప్పుడూ ఎక్కలేదు. ఎక్కడో ఒక దెబ్బ మిగిలిపోయి ఉంటే బాగుండునని నాకే అనిపించింది.

పెద్దమ్మ చెయ్యి తీసి, బండి దిగి, పడవవాడి దగ్గరకు వెళ్ళింది.

"ఈ నీళ్ళు ఎక్కడిదాకా పోతాయయ్యా?"

"కోటిపల్లి మీంచి యానాం పోతాయండమ్మా. అవతల సముద్రమేనండి."

"మధ్యలో లంకలుంటాయా?"

"ఆయ్, బోలెడుంటాయండి."

"బండిలో లేడు కదా," అంది ఆమె, ఆ మాట ఎవరితోనో తెలియకుండా. "అయితే వీటిల్లోనే ఎక్కడో ఉండి ఉంటాడు."

చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని గట్టెక్కింది. ఏరు పోయే వైపుగా నడవసాగింది. పెద్దనాన్న ఒకటి రెండుసార్లు పిలిచారు. తరవాత పగ్గాలు నా చేతిలో పెట్టి, పైపంచె భుజాన వేసుకుని ఆమె వెనకే వెళ్ళారు.

నేను వాళ్ళు కనుమరుగయ్యేదాకా చూశాను. ఎద్దులు కదలలేదు. వాటిని ఎలా అదిలించాలో నాకు తెలియలేదు.