ఒకే ఇంటికి నలభై మూడు ఉత్తరాలు

మా అక్కకి ఆఫీసులో పెట్టిన పేరు పోస్టాఫీసు. రాష్ట్రంలో పధ్నాలుగు జిల్లాలుంటే, ఏ పల్లె పేరు చెప్పినా అది ఏ జిల్లాలోదో, ఏ రోడ్డు దిగి ఎటు తిరగాలో కళ్ళు మూసుకుని చెప్పేది. పోనీ ఎప్పుడైనా వెళ్ళి చూసిందా అంటే అదీ లేదు. ఇరవై తొమ్మిదేళ్ళు ఒకే గదిలో, ఒకే కిటికీ పక్కన కూర్చుని కేన్సర్ రోగుల వివరాలు నమోదు చేసింది. రాష్ట్రంలో ఎవరికి కేన్సర్ అని తేలినా ఆ ఆస్పత్రి నుంచి ఒక ఫారం ఆవిడ బల్ల మీదికి రావాల్సిందే. వయసెంత, జబ్బు ఎక్కడ, ఎంత ముదిరాక బయటపడింది, ఏ జిల్లా మనిషి, ఇవన్నీ అంకెల్లోకి మార్చడం ఆవిడ ఉద్యోగం.

నేను ఆవిడ తమ్ముణ్ణి. ప్రింటింగ్ ప్రెస్సు నడుపుతాను. వాళ్ళ ఆఫీసు వార్షిక నివేదిక నా దగ్గరే అచ్చవుతుంది. అక్క సిఫారసు చేసిందనుకునేరు. ఆవిడ సిఫారసు చేసే మనిషే అయితే నాకు ఈ జన్మలో ఇంత చాకిరీ ఉండేది కాదు. ఒక ఏడాది పటంలో ఒక జిల్లా సరిహద్దు వెంట్రుకవాసి పక్కకి జరిగిందని ఆరువందల కాపీలు తిప్పి పంపింది. సొంత తమ్ముణ్ణని కూడా చూడలేదు.

ఆ నివేదికలో నాకు తెలిసింది పటం ఒక్కటే. లక్ష మంది జనాభాలో ఏటా ఎంతమందికి కొత్తగా కేన్సర్ వస్తోందో దాన్నిబట్టి జిల్లాకి రంగు వేస్తాం. తక్కువైతే లేత గులాబి, ఎక్కువైతే ముదురు ఎరుపు. "ముసలివాళ్ళు ఎక్కువున్న జిల్లాకి ఎరుపు ఎక్కువ పడదా?" అని ఒకసారి తెలివిగా అడిగాను. "ఆ తేడా లెక్కలోనే సరిచేస్తాంలే, నువ్వు సిరా సరిగ్గా కలుపు" అంది.

రాష్ట్రం మొత్తం మీద సగటు లక్షకి డెబ్బై ఎనిమిది. పెద్దాస్పత్రి ఉన్న మా జిల్లాలో నూట ముప్పై రెండు. మా పక్కనే ఉన్న కొండ జిల్లాలో ముప్పై ఒకటి. పదకొండేళ్ళుగా నేను ఆ జిల్లాకి లేత గులాబి తప్ప వేరే రంగు వేసి ఎరగను. దానికి కారణం కూడా నేనే కనిపెట్టేశాను: మంచి గాలి, మంచి నీళ్ళు, పొద్దస్తమానం కొండలెక్కి దిగడం. నువ్వు రిటైరయ్యాక అక్కడే చెరో గదీ కట్టుకుందామని అక్కతో అంటే, "అంకె ఎంతవరకు చెప్పిందో అంతవరకే విను. మిగతాది నువ్వు కల్పించకు" అని కసిరింది. ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటుంది. నాకూ అంతే, ఒక తల్లి పిల్లలం.

ఆ ఏడాది ఇంకో తలనొప్పి మొదలైంది. కొండ జిల్లాలో రెండేళ్ళుగా ఒక పరీక్షల బండి తిరుగుతోంది. ఊరూరా ఆగి, ఆడవాళ్ళకి రొమ్ము పరీక్షలూ గర్భసంచి పరీక్షలూ చేసే పెద్ద వ్యాను అది. జబ్బు లేని జిల్లాలో బండి ఎందుకు, ఎర్రగా ఉన్న జిల్లాకి తెచ్చెయ్యండని పేపర్లో రాశారు. మా జిల్లా నీళ్ళలోనే ఏదో ఉందని జనం కూడా హడలిపోయి ఉన్నారు. అది తేల్చడానికి సోమవారం పదకొండింటికి మీటింగు. బండి ఇటు వస్తే, కొండ జిల్లా ఆడవాళ్ళు పరీక్ష కోసం రానూ పోనూ ఎనిమిది గంటలు బస్సులో కూర్చోవాలి. పని మానుకుని, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి, ఒంట్లో ఏ నొప్పీ లేనప్పుడు అంత దూరం ఎవరొస్తారు?

శుక్రవారం మధ్యాహ్నం నేను అడ్రసు చీటీలు అచ్చు వేస్తున్నాను. అంతకు ముందు ఏడాది కొత్తగా నమోదై చికిత్స అయిపోయినవాళ్ళకి, మళ్ళీ పరీక్షకి రమ్మని అక్క ఆఫీసు ఏటా ఉత్తరాలు పంపుతుంది. ఎప్పుడూ పేర్ల వరసలో వచ్చే జాబితా, పోస్టువాళ్ళ కోరిక మీద ఈసారి వీధుల వరసలో వచ్చింది. ఒక కాగితం నిండా ఒకే అడ్రసు. రెండో కాగితం తీశాను. మళ్ళీ అదే. లెక్కపెడితే నలభై మూడు. పెద్దాస్పత్రి వెనక వీధిలో ఒకే ఇంటి నంబరు.

నాకు నవ్వొచ్చింది. అక్కకి ఫోను చేసి, "ఏమిటక్కా, ఒకే ఇంట్లో నలభై ముగ్గురికి కేన్సరా? ఆ ఇంటాయన ఎంతమందిని కన్నాడు?" అన్నాను.

తిట్టలేదు. మా అక్క తిట్టకపోతే నాకు భయం. "ఆ కాగితాలు అక్కడే ఉంచు. వస్తున్నా" అని పెట్టేసింది. పావుగంటలో వచ్చి, నిలబడే చీటీలన్నీ తిరగేసింది. అదే వీధిలో ఇంకో నాలుగు ఇళ్ళు అలాంటివే దొరికాయి. మొత్తం రెండు వందల అరవై మంది.

మర్నాడు పొద్దున్నే ఆ ఇంటికి వెళ్ళాం. మూడంతస్తుల లాడ్జి. మెట్ల మీద ఉతికిన తువ్వాళ్ళు, ప్రతి గది తలుపు పక్కనా మేకుకి వేలాడుతున్న ఎక్స్‌రే కవర్లు. మేడ మీద అందరికీ కలిపి ఒకే వంటగది. జనం కరెంటు పెట్టడం అంటారే, ఆ రేడియేషన్ చికిత్స మిషను ఇన్ని జిల్లాలకి కలిపి ఇక్కడ ఒక్కటే ఉంది. ఆరేడు వారాలు రోజూ పెట్టించుకోవాలి. కొండ జిల్లా నుంచి వచ్చినవాళ్ళు అన్నాళ్ళూ ఇక్కడే ఉంటారు. ఆస్పత్రిలో అడ్రసు అడిగితే ఇదే చెబుతారు.

లాడ్జి నడిపే పెద్దమ్మ మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. "ఇక్కడ దిగిన ప్రతి ఒక్కరి సొంత ఊరు రాసిపెట్టుకుంటానమ్మా. మనిషికి ఏదైనా అయితే కబురు పెట్టాలి కదా" అని రిజిస్టరు తీసి ముందు పెట్టింది. తర్వాత, "మీరు ఆఫీసు నుంచేనా? అయితే మీ ఉత్తరాలు తీసుకుపోండి" అంటూ మంచం కింద నుంచి ఒక సంచీ లాగింది.

సంచీ నిండా ఉత్తరాలు. ఒక్కటీ విప్పలేదు. నూట పద్దెనిమిది. "ఇవి వచ్చేసరికే వాళ్ళు ఊళ్ళకి వెళ్ళిపోతారు. పాపం ముఖ్యమైన కాగితాలేమోనని దాచాను. ఎవరైనా మళ్ళీ వస్తే ఇచ్చేదాన్ని. ఇవి మూడేళ్ళవే తల్లీ, పాతవి చెదలు తినేశాయి" అంది పెద్దమ్మ.

మా అక్క ఆ సంచీని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ముప్పై ఏళ్ళకి దగ్గర పడుతున్న ఉద్యోగంలో ఆవిడ మొహం అలా పాలిపోవడం నేను చూడలేదు. విషయం నాకు మెల్లగా చెప్పింది. పదకొండేళ్ళ కిందట ఉత్తరాలన్నీ చేరకుండా తిరిగి వచ్చేవట. అప్పుడు అక్క ఒక రూలు రాసింది: ఫైల్లో ఉన్న అన్నిటికంటే కొత్త అడ్రసే రాసుకోవాలి, జిల్లా కూడా దాన్నిబట్టే వెయ్యాలి. ఆ తర్వాత ఒక్క ఉత్తరమూ తిరిగి రాలేదు. భేషని ఆఫీసంతా మెచ్చుకున్నారు. జవాబు రాని రోగుల పేర్ల పక్కన 'సమాచారం లేదు' అని రాసుకుంటూ పోయారు. ఉత్తరాలు ఎందుకు తిరిగి రాలేదో ఇప్పుడు తెలిసింది. ఈ మహాతల్లి జాలిపడి దాచిపెట్టింది.

మిగతా నాలుగు లాడ్జీల్లో ఉత్తరాలు వచ్చినవి వచ్చినట్టే చెత్తలోకి పోయాయి. శనివారం, ఆదివారం ఐదు లాడ్జీల రిజిస్టర్లూ ఫారాలూ పక్కపక్కన పెట్టి సరిచూశాం. ఫారాలు నన్ను ముట్టుకోనివ్వలేదు. "ఎవరికి ఏ జబ్బో నీకెందుకు? నేను ఊరు చెబుతా, నువ్వు జిల్లా కింద గీత గియ్యి" అని నన్ను బెంచీ చివర కూర్చోబెట్టింది. రెండు రోజులు గీతలు గీసి నా నడుం పడిపోయింది. రెండు వందల అరవై మందిలో సరిగ్గా రెండు వందల మంది కొండ జిల్లావాళ్ళు. మిగతావాళ్ళు తలో జిల్లా. అందరినీ వాళ్ళవాళ్ళ జిల్లాల్లో వేస్తే, కొండ జిల్లా ముప్పై ఒకటి నుంచి ఎనభై ఒకటికి ఎక్కింది. మా జిల్లా నూట ఆరుకి దిగింది. నా మంచి గాలి, మంచి నీళ్ళ సిద్ధాంతం గంగలో కలిసింది.

"నూట ఆరు కూడా ఎక్కువే కదక్కా. అదెందుకు?" అన్నాను.

"కొంత ఇక్కడ పరీక్షలు ఎక్కువ చేస్తారు కాబట్టి. తక్కినది నాకు తెలీదు. తెలీదనే రాస్తాను."

ఆదివారం సాయంత్రం ప్రెస్సులో కూర్చుని ఆవిడకి ఒక సలహా ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది. "ఇంకో అయిదు నెలల్లో రిటైరవుతున్నావు. అడ్రసుల్లో పొరపాటు దొరికిందని చెప్పు చాలు. ఆ రూలు ఎవరు రాశారో ఎవడికి గుర్తుంది? పెన్షను ముందు నెత్తి మీదికి తెచ్చుకోకు."

"నోర్మూసుకో" అంది అక్క. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "ఎలా తప్పిందో చెప్పకుండా తప్పిందంటే, ఇప్పుడు చెప్పేది ఒప్పని ఎవరు నమ్ముతారురా? రేపు నేను నీళ్ళు నమిలితే బండి పోతుంది."

సోమవారం పటం గోడకి తగిలించే పని నాది కాబట్టి మీటింగులో వెనకాల నిలబడ్డాను. ఆరోగ్యశాఖ డైరెక్టరు డాక్టరుగారు, మాట కరుకు. బండి మార్చే కాగితం అప్పటికే ఆయన ముందుంది, పెన్ను మూత కూడా తీసేశారు. మా అక్క లేచి నిలబడి, ఐదు లాడ్జీల సంగతీ కొత్త అంకెలూ తడుముకోకుండా చెప్పింది.

"ఒక్క ఏడాదిలో ముప్పై ఒకటి నుంచి ఎనభై ఒకటా? అక్కడ జబ్బు అంత పెరిగిందా?" అన్నారు డైరెక్టరు.

"పెరగలేదు సార్. నిరుడూ అంతే ఉండి ఉంటుంది. మేం వాళ్ళని పక్క జిల్లాలో రాశాం."

"ఈ అడ్రసు రూలు పెట్టిందెవరు?"

"నేనే సార్. ఇంకోటి కూడా చెప్పాలి. ఏడేళ్ళ కిందట కొండ జిల్లావాళ్ళు పరీక్షల కేంద్రం అడిగారు. అక్కడ కేసులే లేవని నా పట్టిక చూపించి కాదన్నాం. ఈ రెండు వందల మంది ఫారాలూ నిన్న చూశాను. సగానికి పైగా ముదిరిపోయాకే వచ్చారు. బండి అక్కడే ఉండాలి. నా మీద ఏ చర్య తీసుకున్నా సంతకం పెడతాను."

డైరెక్టరు పటం కేసి చూశారు. తర్వాత పెన్నుకి మూత పెట్టేశారు. "బండి కదలదు. పదకొండేళ్ళవీ సరిచెయ్యండి. చర్య సంగతి అది అయ్యాక చూద్దాం. ముందు ఆ ఉత్తరాల సంగతి చూడండి" అన్నారు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, చెప్పడానికి సిగ్గేమీ లేదు. మా అక్క మాత్రం మెట్లు దిగుతూ, "పటం వంకరగా తగిలించావు" అంది.

మిగతా లాడ్జీలవాళ్ళకి ఆఫీసు కొత్త ఉత్తరాలు పంపింది. సంచీలోని నూట పద్దెనిమిది ఉత్తరాల మీదా సొంత ఊళ్ళ అడ్రసులు ఆవిడే చేత్తో రాసింది. కొండ జిల్లావి తొంభై ఒకటి. ఈసారి పోస్టుని నమ్మకుండా పరీక్షల బండి నర్సు చేతికిచ్చింది. పది రోజులకి నర్సు ఫోను చేసింది. అరవై నాలుగు ఇళ్ళలో మనిషి ఉన్నారు. ఇరవై ఏడు ఇళ్ళలో లేరు. ఆ మాట విన్నాక మా అక్క నా ప్రెస్సుకి వచ్చి, కాగితాల కట్టల మధ్య కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. అందరూ నీ ఉత్తరం అందకే చనిపోలేదక్కా అన్నాను. "ఎంతమందో నాకు తెలీదురా. అదే కదా" అంది.

ఉన్నవాళ్ళందరినీ నర్సు బండిలోనే పరీక్ష చేసింది. బట్టలు కుట్టుకునే ఒకావిడకి పాత మచ్చ పక్కనే పెసరగింజంత గడ్డ దొరికింది. గురువారం పెద్దాస్పత్రికి పంపుతున్నామన్నారు. గురువారం మా అక్క సెలవు పెట్టి బస్టాండులో నిలబడింది. తోడు నేనూ వెళ్ళాను.

బస్సు దిగినావిడ యాభై ఏళ్ళ మనిషి. చేతిలో ఆ ఉత్తరం ఉంది, రెండేళ్ళ కిందటి తేదీతో. మా అక్కని ఎవరో ఆస్పత్రి మనిషి అనుకుని, "మళ్ళీ ఎప్పుడు రావాలో ఉత్తరం రాస్తామన్నారమ్మా. రాలేదు. రాలేదంటే ఇక బాగైపోయిందనే అనుకున్నా. ఊరందరికీ అదే చెప్పుకున్నా" అంది.

"రాశానమ్మా" అంది మా అక్క. "తప్పు అడ్రసుకి రాశాను. తప్పు నాది."

ఆవిడ మా అక్క మొహంలోకి చూసింది. "నర్సు ఫోనులో అడిగితే డాక్టరు చిన్నదే అన్నాట్ట, తీసేస్తే పోతుందట" అంది. తర్వాత తన సంచీ మా అక్క చేతికిచ్చి, "దారి నీకు తెలుసు కదా, పద" అంది. ఇద్దరూ ఆస్పత్రి బస్సెక్కారు.