వంటావార్పులో క్లిప్ పెడల్

"మడమ జర పక్కకు తిప్పు తమ్మీ, టక్కుమని ఊడొస్తది. నాది జబాన్!"

ఈ మాట ఇచ్చింది మూసారాంబాగ్‌లో సైకిల్ సామాన్ల దుకాణం నడిపే ఖాజా భాయ్. ఊడి రాలేదు. అది ఊడి రాకపోవడం వల్ల మొన్న ఆదివారం ఎల్బీనగర్ చౌరస్తాలో, మూడు వందల మందికి వండిన అన్నంలో నేను ఎడమ భుజం దాకా దిగబడ్డాను. నవ్వకండి. ఇంకా అయిపోలేదు.

పోయిన డిసెంబర్ తొమ్మిదిన ఢిల్లీ నుంచి ఒక మాట వచ్చింది, ప్రత్యేక రాష్ట్రం ఇస్తామని. రెండు వారాలకే అది వెనక్కి పోయింది. ఆ దెబ్బతో, ఇచ్చిన మాటలు ఎలా తప్పుతారో నాకు పూర్తిగా అర్థమైందనుకున్నాను. సైకిల్ సామాన్ల విషయంలో కూడా ఆ చరిత్ర పునరావృతం అవుతుందని మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మొదటి నుంచి చెప్తాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కిరాయి రూములో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాను, రెండు ట్యూషన్లు చెప్తాను. నా దగ్గర ఒక రోడ్ బైక్ ఉంది. అంటే రేసు సైకిలు. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్. బెంగళూరు వెళ్ళిపోతున్న ఒక సాఫ్ట్‌వేర్ అన్న దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. చూడ్డానికి గుర్రం. దగ్గరికి వెళ్తే బ్రేకు రబ్బర్లు అరిగిపోయి ఉంటాయి, వెనక టైరు నున్నగా గుండు గీసినట్టు ఉంటుంది, పెడళ్ళైతే మా ఊరి పాలబ్బాయి సైకిలువే అంతకంటే నయం.

ఇలా ఉండగా ఎల్బీనగర్‌లో వంటావార్పు పెట్టారు. చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతి కూర్చొని తింటాం. బస్సులు, లారీలు అన్నీ మా భోజనం అయ్యేదాకా ఆగాల్సిందే. ఆ రోజు మూసారాంబాగ్ నుంచి పన్నెండు సైకిళ్ళ ర్యాలీ రావాలని, దానికి ముందు నేను నడవాలని, వచ్చాక మైకులో ఐదు నిమిషాలు మాట్లాడాలని నిర్ణయించారు. నా జీవితంలో మొదటి ఉపన్యాసం! పది రోజులు రాసుకున్నాను. అద్దం ముందు పిడికిలి ఎత్తడం ప్రాక్టీస్ చేశాను. ఆ ఐదు నిమిషాల కోసం నేను గ్రూప్స్ సిలబస్‌ని కూడా త్యాగం చేశాను.

ర్యాలీకి ముందు సైకిల్ బాగు చేయించాలి. చేతిలో ఉన్న డబ్బులు ఏదో ఒక్కదానికే సరిపోతాయి. బ్రేకులా, టైర్లా, పెడళ్ళా?

నా రూమ్మేట్ శ్రీకాంత్‌ది గుడివాడ. రాష్ట్రం విషయంలో మా ఇద్దరికీ పొద్దున్నే కాఫీతో మొదలయ్యే యుద్ధం ఉంది, కాఫీ పొడి మాత్రం ఉమ్మడి. వాడు పుస్తకంలోంచి తల కూడా ఎత్తకుండా అన్నాడు:

"బ్రేకులు మార్చుకోరా బాబూ. ఇందులో ఆలోచించడానికి ఏముంది?"

"ఉద్యమంల ఉన్నోడు బ్రేకులకు ఖర్చు పెడతడారా?"

"ఉద్యమంలో ఉన్నోడు కూడా లారీ కింద పడితే చచ్చిపోతాడు."

"నీది సంస్కరణవాదం. ఉన్నదానికి మరమ్మతులు చేసుకుంటూ బతకమంటవ్. నాకు వేగం కావాలె."

"అయితే వేగంగా పో. నేను అన్నం వేళకి నడుచుకుంటూ వస్తా."

నేను నెట్ సెంటర్‌లో కూర్చొని రెండు గంటలు చదివాను. క్లిప్ పెడళ్ళు అని ఉంటాయట. బూటు అడుగున ఒక ఇనుప ముక్క, అది పెడల్లో టక్కున ఇరుక్కుంటుంది. కాలు కిందికి తొక్కినప్పుడే కాదు, పైకి లేపినప్పుడు కూడా బలం చక్రానికి పోతుంది. ఒక్క చెమట చుక్క వృథా కాదు! ఇది చదివాక నాకు వేరే దారి లేదు. శ్రమ మొత్తం శ్రామికుడికే దక్కాలన్న మాటకు ఇంతకంటే ఆచరణ ఎక్కడుంది?

ఖాజా భాయ్ దగ్గర వాడిన జత దొరికింది, బూట్లతో సహా. బేరం దగ్గర ఆయన కూడా ఒక్కసారి నా బ్రేకు నొక్కి చూసి, "తమ్మీ, ముందు ఇవి మార్చుకుంటే..." అన్నాడు.

"అవసరం లేదు భాయ్. కాలు ఇరుక్కుంటే ఎట్ల? అది చెప్పు."

అప్పుడే ఆయన పైన రాసిన మాట ఇచ్చాడు. నన్ను గోడకు ఆనించి నిలబెట్టి మూడుసార్లు తీయించి చూపించాడు కూడా. మూడుసార్లూ వచ్చింది.

ఆదివారం పొద్దున బయలుదేరే ముందు సైకిల్ తుడుస్తుంటే ప్రతి పెడల్ వెనక ఒక చిన్న స్క్రూ కనిపించింది. పక్కన ప్లస్, మైనస్ గుర్తులు. మైనస్ వైపు తిప్పడం నా స్వభావంలో లేదు. రెండింటినీ చివరి దాకా ప్లస్ వైపు తిప్పాను.

ర్యాలీ గొప్పగా సాగింది. ఇది మాత్రం నా శత్రువులు కూడా ఒప్పుకోవాలి. వెనక పన్నెండు సైకిళ్ళు, ముందు నేను, హ్యాండిల్‌కి జెండా. దిల్‌సుఖ్‌నగర్ దాటాం, చైతన్యపురి దాటాం. కొత్తపేటలో పండ్ల బండ్ల దగ్గర జనం చప్పట్లు కొట్టారు. ఒకాయన బత్తాయి విసిరాడు, ప్రేమతోనే. కాళ్ళూ సైకిలూ ఒక్కటైపోయాయి. నేను తొక్కడం లేదు, చరిత్ర తొక్కుతోంది అనిపించింది. ఆ ఊపులో మిగతా పన్నెండు మందినీ చాలా వెనక వదిలేశాను. నాయకుడన్నవాడు ప్రజలకు మరీ అంత ముందు ఉండకూడదని నేను చదివాను. ఆ సమయానికి గుర్తు రాలేదు.

ఎల్బీనగర్ చౌరస్తా. నాలుగు వైపులా జనం. ఒక పక్క పొయ్యిలు, పొయ్యిల మీద పప్పు. ఇంకో పక్క చిన్న స్టేజీ. సరిగ్గా స్టేజీ ముందు, రోడ్డు మీద చాపలు పరిచి, చాపల మీద తెల్ల బట్ట పరిచి, దాని మీద ఆవిర్లు పోవడానికి పోసిన అన్నం రాశి. ఆడవాళ్ళు తెడ్లతో అటూ ఇటూ సర్దుతున్నారు. వాళ్ళకు పెద్ద మా యాదమ్మత్త, మా నాయన చెల్లెలు. పొద్దున నాలుగింటికి లేచి బియ్యం కడిగిన మనిషి.

మైకులో, "అదిగో, మన యువ నాయకుడు సైదులు వస్తున్నడు!" అన్నారు. జనం దారి ఇచ్చారు.

బ్రేకులు రెండూ పట్టాను. కీచుమని అరిచాయి తప్ప ఆగలేదు. ఇంకా గట్టిగా పట్టాను. సైకిల్ నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, తెల్ల బట్ట అంచుకు జానెడు దూరంలో ఆగింది. చూశారా! ఆ అరిగిన రబ్బర్లే చివరికి పనిచేశాయి. శ్రీకాంత్ మాట అబద్ధమని తేలిపోయిందని సంతోషించే లోపల ఇంకో విషయం గుర్తొచ్చింది. ఆగిన సైకిల్ దానంతట అది నిలబడదు. కాలు కింద పెట్టాలి.

మడమ పక్కకు తిప్పాను. రాలేదు. రెండోది తిప్పాను. అదీ రాలేదు. పైకి లాగాను, కిందికి తొక్కాను. నేను తొక్కితే సైకిల్ ముందుకు పోతుంది, ముందు అన్నం ఉంది. అందుకని తొక్కడం మానేశాను. ఒక క్షణం అట్లాగే నిలబడ్డాను. తర్వాత చాలా నెమ్మదిగా, నిటారుగా, జెండాతో సహా ఎడమ వైపుకు ఒరిగాను.

మెత్తగా ఉంది. వెచ్చగా కూడా ఉంది.

ఆడవాళ్ళ చేతుల్లో తెడ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. స్టేజీ మీద మైకు పట్టుకున్నాయనకు ముందు వరుస తలలు అడ్డం. ఏమీ కనిపించలేదనుకుంటా. ఆయన తన పద్ధతిలో తాను, "ఇప్పుడు సైదులు మాట్లాడుతడు!" అని ప్రకటించాడు. ఎవరో మైకు తీసుకొచ్చి, కిందికి వంచి, నా నోటి దగ్గర పెట్టారు.

మీరైతే ఏం చేస్తారు? నేను పది రోజులు రాసుకున్నాను. మొదలుపెట్టాను.

"మిత్రులారా! ఇగ ఒక్క అడుగు గూడ వెనక్కి వెయ్యం!"

ముందు వరుసలో ఒక ముసలాయన నా కాళ్ళ వైపు చూసి, "ముందుకు గూడ వెయ్యలేవు గద బిడ్డా," అన్నాడు. అది మైకులో పడింది. చౌరస్తా నాలుగు వైపులా పడింది.

తర్వాత నలుగురు నా చంకల కింద చేతులు వేసి లాగారు. ఇంకో నలుగురు సైకిల్ పట్టుకొని అటు లాగారు. లక్ష్యం ఒకటే అయినా వ్యూహం కుదరలేదు. ఒక్కో లాగుడుకు నేనూ సైకిలూ కలిసి అన్నంలో ఇంకొంచెం లోపలికి పోతున్నాం.

అప్పుడు యాదమ్మత్త వచ్చింది. చేతిలో తెడ్డు.

"ఏందిర అల్లుడా గిది! లాఠీలు పట్టుకోనొచ్చిన పోలీసోళ్ళు గూడ అన్నాన్ని తొక్కకుంట పక్కకెంచి పోయిండ్రు గదరా! గాళ్ళు చెయ్యని పని నువ్వు జేస్తివి!"

"అత్తా, కాలు రాట్లేదే! ఇరుక్కుంది!"

"కాలు ఏడ ఇరికిందిర? బూటు ఇరికింది. బూటు ఇప్పు, బేవకూఫ్!"

తెడ్డు పక్కన పెట్టి, రెండు బూట్ల పట్టీలు చర్రుమని లాగింది. నా కాళ్ళు రెండూ బయటికి వచ్చేశాయి. అంతే! ఎనిమిది మంది మగవాళ్ళు, ఒక నాయకుడు, ఎన్నో పుస్తకాలు. ఒక్కరికీ తట్టలేదు.

బూట్లు పెడళ్ళకే ఉండిపోయాయి. సైకిల్‌ని లేపి స్టేజీకి ఆనిస్తే, దాని మీద కనిపించని మనిషి ఎవరో కూర్చున్నట్టు ఉంది. ఉపన్యాసం సంగతి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

నేను పడిన మేరకు అన్నం తీసేశారు. మిగతాది వడ్డించే పని నాకే అప్పజెప్పింది అత్త. నవంబర్ ఎండైనా తారు రోడ్డు తారు రోడ్డే, నేను వట్టి కాళ్ళతో బంతి బంతికీ తిరిగాను. ప్రతి మనిషీ ఒకటే ప్రశ్న:

"ఇది నువ్వు పడ్డదా, పడనిదా?"

బంతి చివర శ్రీకాంత్ కూర్చొని ఉన్నాడు, చెప్పినట్టే అన్నం వేళకు. వాడు నోరు తెరవకముందే అన్నాను, "బ్రేకులు పనిచేసినయ్ రా. తెలుసా?"

"చూశాను. చాలా బాగా పనిచేశాయి. ఆ పడని వైపు నుంచి ఇంకొంచెం పెట్టు."

సోమవారం పొద్దున ఖాజా భాయ్‌కి ఒక డిమాండ్ల పత్రం రాశాను. ఇచ్చిన మాట తప్పినందుకు పెడళ్ళు, బూట్లు వెనక్కి తీసుకోవాలి. బదులుగా బ్రేకు రబ్బర్లు, ఒక వెనక టైరు ఇవ్వాలి. ఎందుకంటే వచ్చే వంటావార్పు డిసెంబర్ పన్నెండో తారీఖున వనస్థలిపురంలో. నాకు ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు, "ఆగుడు వస్తదా?" అని అడిగి మరీ.

ఖాజా భాయ్ కళ్ళజోడు పెట్టుకొని పత్రం మొత్తం చదివాడు. "బహుత్ అచ్ఛా రాసినవ్," అన్నాడు. తర్వాత వంగి పెడల్ వెనక చూశాడు.

"తమ్మీ, గీ స్క్రూ ఎవరు బిగించిండ్రు?"

నేను వంగి వెనక టైరు నొక్కి చూశాను.

"నేనైతే మొత్తం ఢీలా పెట్టి ఇచ్చిన. కొత్తోళ్ళకు అట్లనే ఇస్త." స్క్రూడ్రైవర్ తీసి మైనస్ వైపు నాలుగు చుట్లు తిప్పాడు. పెడల్లో ఇంకా వేలాడుతున్న బూటును రెండు వేళ్ళతో పక్కకు తిప్పాడు. టక్కుమని ఊడొచ్చింది.

సరే. మాట తప్పింది ఎవరన్న చర్చలోకి నేను వెళ్ళదలచుకోలేదు. డిమాండ్లు న్యాయమైనవా కాదా అన్నదే ప్రశ్న.

"మార్పిడి సంగతి ఏమంటవ్ భాయ్?"

"సోంచాయించి చెప్త. ఆలోచన జెయ్యాలె గద."

"ఎప్పుడు?"

"జల్దీలనే."

ఈ 'జల్దీలనే' నేను ఇంతకు ముందు విన్నాను. ఏడాది నుంచి వింటున్నాను. "తారీఖు చెప్పు," అన్నాను.

ఆయన క్యాలెండర్ వైపు చూశాడు. "డిసెంబర్ తొమ్మిదికి రా."

దుకాణంలో పంక్చర్ వేయించుకుంటున్న ఇద్దరు కూడా తలెత్తి నా వైపు చూశారు.

ఆ తారీఖు వద్దన్నాను. పత్రం కింద నా చేత్తోనే ఇంకో వాక్యం రాసి, ఆయన దుకాణం గోడ మీది మేకుకు గుచ్చి వచ్చాను: జవాబు రాకపోతే ఉద్యమాన్ని ఉధృతం చేస్తాను, వనస్థలిపురానికి నడిచి పోతాను, వట్టి కాళ్ళతో. గడువు డిసెంబర్ పది, సాయంత్రం ఐదు గంటలు.