అక్క పాటకు వెనుదిరిగిన మైకు

ఒక మనిషి మిక్కిలి మర్యాదగా ఒక పాటను ఎలా హతమార్చగలడో తెలుసుకోవాలంటే, చదువరులారా, ఇటు రండి. హత్యాయుధం ఒక షాట్‌గన్ మైకు; అదీ పాతది. అప్పటికి నేను డెబ్బై నిండని పడుచువాణ్ణి. కనుక కొంత తప్పును వయసు ఖాతాలో వేసి వినండి.

మా అక్క బాలమ్మది చిన్న మంగళారం అనే ఊరు. తల్లి పోయిన నన్ను పెంచినది ఆమెయే. వరినాట్లలో ఆమె పాట ఎత్తుకుంటే పక్క మడుల్లోని వారు కూడా ఆ లయకే వంగి నాటేవారు. ఇప్పుడా మడుల్లో ఫాంహౌసులు మొలిచాయి. పాటలు మాత్రం అక్క గొంతులో మిగిలాయి. ఆ గొంతులోనే పుండు లేచింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలుస్తుందనీ, మాట నిలవదనీ, ఆలస్యం కూడదనీ దవాఖానలో చెప్పారు. ఆలోగా పాటలన్నీ పట్టి దాచే భారం నేను నెత్తికెత్తుకున్నాను. చేవెళ్ల బడిలో ఏళ్ల తరబడి తెలుగు చెప్పిన నోరు నాది. అంతటి బాధ్యతను మరొకరికి ఎలా అప్పగిస్తాను?

మొయినాబాదులో పెళ్లి వీడియోలు తీసే శ్రీశైలం తన పాత సామాను అమ్ముతున్నాడని తెలిసి వెళ్లాను. అతడు రెండు మైకులు బల్లమీద పెట్టాడు. రెండూ నల్లని గొట్టాలే, రెండింటికీ పొడవునా చీలికలే. ఒకటి అసలు, ఒకటి నకలు. ఏది ఏదో మీరే చెప్పండన్నాడు. నేను ముందే చదువుకొని వెళ్లాను గనుక బెదరలేదు. బ్యాటరీ పెట్టే అర తెరిచి తుప్పు వెదికాను. తీగ బిగించే చోట కదిపి గరగర వస్తుందేమో ఆలకించాను. చివరకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, అతణ్ణి మాట్లాడుతూ ఉండమని, చీలికలను బొటనవేలితో మూస్తూ తెరుస్తూ చూశాను. ఒకదానిలో అతని గొంతు రంగు మారింది. రెండవదానిలో చలనం లేదు. దాని చీలికలు పైపై గీతలే, లోపల అంతా మూసే ఉంది. దొంగ పట్టుబడ్డాడు.

“సార్, మీ ముందల నకలు నడువది,” అన్నాడు శ్రీశైలం.

ఆ ఒక్క మెచ్చుకోలు నన్ను ముంచింది. విజయగర్వంతో అసలు మైకును నోటికెదురుగా పట్టుకొని, సొంత సీసపద్యం ఒకటి ఎత్తుకున్నాను. చెవుల్లో నా గొంతు గర్భగుడిలో గంటలా మోగింది. శ్రీశైలం ఏదో చెబుతూనే ఉన్నాడు, వేలు ముందుకు చాచి చూపిస్తూనే ఉన్నాడు. పద్యానికి పరవశిస్తున్నాడనుకొని నేను మరింత రాగం తీశాను. ఈ జాతి మైకు తన మూతికెదురుగా ఉన్నవారినే వింటుందనీ, వెనుకనున్నవారిని లక్ష్యపెట్టదనీ పాపం అతడు మొత్తుకుంటున్నాడట. నేనేమో వేణువుకు రంధ్రాలవలె చీలికలన్నీ వింటాయని తీర్మానించుకొని, ఆ అసలుదాన్నే కొని ఇంటికి వచ్చాను.

మరునాడు అక్క మంచంమీద కూర్చున్నది. మైకును ఆమె ముఖానికెదురుగా పట్టగానే కనుబొమలు ముడిచింది.

“ఏంది తమ్మీ, బందూకు లెక్క గురి పెడుతున్నవ్? నేనేమన్న అడివి పందినా?”

సిగ్గుతో చితికిపోయాను. పెద్దవారి మీదికి పుల్ల చూపడం కూడా మా ఇంట తప్పే. వెంటనే మైకును వెనుకకు తిప్పి, మడిచిన శాలువా మీద పవళింపజేశాను: తోక అక్కవైపు, మూతి నావైపు. హెడ్‌ఫోన్లు సంచిలోనే ఉంచాను. పెద్దలు పాడుతుండగా చెవులు మూసుకొని కూర్చోవడం ఏం సంస్కారం, మీరే చెప్పండి.

అక్క పాడింది. నొప్పికి ఆగి, గోరువెచ్చని నీళ్లు గుటక వేసి, మళ్లీ పాడింది. నేను చరణానికొక ‘ఆహా’ సమర్పించాను. నడుమ నడుమ ‘భళా’ అన్నాను. ఒకచోట ప్రాసలోని సొగసు కూడా సవిస్తరంగా వివరించాను. మధ్యలో ఆమె లేచి, ఏదో అంటూ వంగి, మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టింది. ఏమన్నదో నేను వినలేదు, నేనప్పుడు మాట్లాడుతున్నాను.

ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. ఆమెతో కలిసి వినాలని అంతవరకు అట్టిపెట్టిన రికార్డును, ఇంటికి వచ్చాక పక్కన కూర్చొని పెట్టాను.

మొదట నా ‘ఆహా’ ఉరిమింది. దాని వెనుక ఎక్కడో, శంకర్‌పల్లి స్టేషన్ దాటిపోయిన రైల్లోంచి ఎవరో పిలుస్తున్నట్టు, అక్క పాట. మళ్లీ ‘భళా’. ప్రాస వివరణ మాత్రం అక్షరం పోకుండా దక్కింది.

దాన్ని ఆపే బుద్ధి కూడా లేక, కూర్చున్నచోటనే శ్రీశైలానికి ఫోన్ చేశాను. అంతా విని అతడన్నాడు:

“ఆ నకలుది కొన్నా అక్క పాట దక్కుతుండె సార్. అది అన్ని దిక్కులు ఇంటది.”

ఫోన్ పెట్టేసి తల దించుకున్నాను. అప్పుడు గదిలో అక్క గొంతు పలికింది. దూరంగా కాదు, నా చెవి పక్కన, ఊపిరితో సహా. మజ్జిగ ఇవ్వడానికి వంగినప్పుడు మైకు మూతికెదురుగా వచ్చిందన్నమాట.

“జర నోరు మూసుకోరాదు తమ్మీ. నన్ను పాడనియ్యి.”

అక్క నావైపు చూసింది. భుజాలు కదిలిపోయేలా నవ్వింది. చప్పుడు లేదు.

ఆమె గొంతులో నాకు తేటగా మిగిలింది ఆ మందలింపు ఒక్కటే. కనుక పంచభూతాలూ, మీరూ, ఆ మజ్జిగ గ్లాసూ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఎవరు పాడినా, ఎంత గొప్పగా పాడినా, పాట ముగిసేదాకా నా నోట ‘ఆహా’ రాదు. అక్క పాడితే, ముగిసినా రాదు.