నాయన నేర్పిన చెక్కభజన

నిన్న తిరుపతిలో ఊరేగింపు ముందర ఆడోళ్లు చెక్కభజన చేస్తా పోతావుంటే, రోడ్డు పక్కన అట్లే నిలబడిపోయినాను. చెక్కల్లో బిగించిన ఇత్తడి బిళ్లల చప్పుడు మీకూ గుర్తుండాది కదా?

చిత్తూరు పక్కన మా పల్లెలో భజన గురువు మా నాయనే. ఆయన పోయి శానా ఏండ్లయింది. నా చిన్నప్పుడు మామిడిచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మళ్లీ ఆడలేకపోయినాడు. ఒకరోజు నులకమంచం మీద కూర్చుని, చెక్కలు చేతికి తీసుకుని నన్ను పిలిచినాడు.

"రామ్మా, నేను తాళం ఏస్తా, నువ్వు అడుగెయ్యి. కుడికాలు నొక్కి పెట్టు, ఎడమకాలు లాగు, ఇప్పుడు ఎగిరి తిరుగు. మన పెద్దోళ్లు గోడలకు మన్ను తొక్కతా నేర్సుకున్న అడుగమ్మా ఇది. మడమ గట్టిగా పడాల."

పక్కింటి పెద్దాయన సూసి, "ఆడపిల్లకు ఇదెందుకప్పా?" అన్నాడు.

"అడుగుకు ఆడా మగా యాడుండాదబ్బా?" అన్నాడు నాయన.

ఆ ఏడు గంగజాతరలో మగోళ్ల వరసలో నేనొక్కదాన్నే ఆడపిల్లని. భయంభయంగా తిరగతా నాయన వైపు సూసినాను. జనం ముందర కుర్చీలో కూర్చోనుండాడు. కండ్లల్లో నీళ్లు. విరగని కాలు మాత్రం నాతోపాటే ఆడతా ఉండాది.