వలలో నల్లకుక్క

మండవల్లి దగ్గర ఒక చేపల చెరువుకు మా ఆయన కాపలాదారు. గట్టు మీది రేకుల షెడ్డులో ఆయనా, నేనూ, మా అత్తా ఉండేవాళ్లం. ఎక్కడి నుంచో వచ్చిన ఒక నల్లకుక్క మా దగ్గరే ఉండిపోయింది. దానికి అన్నం పెట్టేది అత్తే. అది పగలంతా గట్ల వెంట తిరిగి నీటికాకులను తరిమేది. అలసిపోతే అత్త మంచం కింద దూరేది.

ఒక మధ్యాహ్నం అత్త గట్టు మీద వంగి గేదెకు గడ్డి కోస్తోంది. పక్క చెరువు వైపు నుంచి చొంగ కారుస్తూ ఒక పిచ్చికుక్క వచ్చింది. నేను షెడ్డు దగ్గర నుంచి అరిచాను. అత్తకు చెవులు సరిగా వినపడవు, తల ఎత్తలేదు. నల్లకుక్క వెళ్లి దాని మీద పడింది. రెండూ కరుచుకుంటూ నీళ్లలోకి దొర్లాయి. మా ఆయన తెడ్డు తీసుకుని పరుగెత్తి ఆ పిచ్చికుక్కను కొట్టి చంపాడు. మాది మూతి చీలి, రక్తం కారుతూ గట్టెక్కింది.

పశువుల డాక్టరుగారు గాయాలు కడిగి సూది వేశారు.

“ముందే టీకా వేయించాల్సిందండీ. మూతి మీద కరిచింది, నమ్మకంగా చెప్పలేను. గొలుసుతో కట్టేయండి, ఎవరూ దగ్గరికెళ్లొద్దు.”

అప్పటికే అత్త ఆ గాయాలకు చేత్తో పసుపు అద్దేసింది. ఆమె వేళ్ల నిండా గడ్డి కోసుకున్న గాట్లు. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లి ఆమెకూ సూదులు వేయించాం.

గాయాలు మానాక కాస్త ధైర్యం వచ్చింది. తర్వాత ఒక ఉదయం దాని అరుపు మారింది. గొలుసు కొరికి పళ్లు ఊడగొట్టుకుంది. చుట్టూ అన్ని నీళ్లున్నా దానికి గుక్కెడు గొంతు దిగలేదు.

“ఒక్కసారి దాని తల నిమిరి వస్తానే,” అంది అత్త.

“వద్దత్తా,” అంటూ రెండు చేతులతో పట్టుకున్నాను. ఆమె నన్ను తిట్టింది, తర్వాత నా భుజం మీదే ఏడ్చింది.

డాక్టరుగారు మళ్లీ వచ్చారు. మా ఆయన చేపల వల విసిరి దాన్ని అదిమిపట్టాడు. సూది పడ్డాక కాళ్లు కాసేపు కొట్టుకుని ఆగిపోయాయి. వల విడదీయకుండానే లోతుగా గుంట తీసి పూడ్చాం.

అత్తకు ఏమీ కాలేదు. ఆ షెడ్డులో మాత్రం ఇక ఉండలేనంది. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటున్నాం. మా ఆయన రైస్ మిల్లులో పని చేస్తున్నాడు. వీధికుక్కలు గుమ్మం దగ్గరికొస్తే అన్నం పెట్టమని అత్త నాతోనే చెబుతుంది. తను లోపలికెళ్లి తలుపు వేసుకుంటుంది.